అకామడేషన్ స్పెల్లింగ్: సీలు ఎన్ని, ఎమ్‌లు ఎన్ని?

డీటీపీ_హన్మకొండ:

లేడీస్ హాస్టల్ బోర్డు, కరపత్రం రెండూ రేపు సాయంత్రానికి ప్రింటుకు వెళ్లాలి. వాళ్లు కాగితం మీద రాసిచ్చిన మ్యాటర్‌లో అకామడేషన్‌కి రెండు సీలు, ఒక ఎమ్ ఉన్నాయి. పాత కరపత్రంలో చూస్తే ఒక సీ, రెండు ఎమ్‌లు. వర్డ్‌లో మొత్తం క్యాపిటల్స్‌లో టైప్ చేస్తే రెండింటి కిందా ఎర్రగీత రాలేదు. మరి రెండూ కరెక్టేనా? కాకపోతే అసలైంది ఏది, ఎందుకు? మళ్లీ మళ్లీ వెతుక్కోకుండా గుర్తుండే దారి ఏదైనా ఉంటే అదీ చెప్పండి.

కరపత్రంలో ఉన్న మిగతా మాటలు ఇవి: అవైలబుల్, సెపరేట్ రూమ్స్, అటాచ్డ్ బాత్‌రూమ్, వెస్టర్న్ కమోడ్, హైజీనిక్ ఫుడ్, మెయింటెనెన్స్, వర్కింగ్ ఉమెన్స్. వీటిలో జాగ్రత్త పడాల్సినవేంటో కూడా చూడగలరు.


ఇంగ్లిష్_టీచర్_ఏలూరు:

మీ దగ్గరున్న రెండూ తప్పే. సరైనది ఇది: ఏ-సీ-సీ-ఓ-ఎమ్-ఎమ్-ఓ-డీ-ఏ-టీ-ఐ-ఓ-ఎన్. రెండు సీలు, రెండు ఎమ్‌లు, మొత్తం 13 అక్షరాలు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, అమెరికావాళ్ల మెరియమ్ వెబ్‌స్టర్, ఏ నిఘంటువు తెరిచినా ఇదొక్కటే ఉంటుంది. బ్రిటిష్‌లో ఒకలా, అమెరికన్‌లో ఒకలా రాసే మాట కాదిది.

ఇక ఎందుకు అన్నది. ఇది లాటిన్ నుంచి వచ్చిన మాట, లోపల మూడు ముక్కలున్నాయి. మొదటిది ‘యాడ్’ అనే ఉపసర్గ, ‘వైపు’ అని అర్థం. రెండోది ‘కామ్’, అంటే ‘కలిపి’. మూడోది ‘మోడస్’, అంటే కొలత, పద్ధతి. ‘కామ్’ పక్కన ‘మోడ్’ చేరితే ‘కమ్మోడ్’: కొలతకు సరిపోయింది, వీలుగా ఉన్నది. దాని ముందు ‘యాడ్’ చేరినప్పుడు ఆ డీ తన రూపం పోగొట్టుకుని పక్కనున్న సీగా మారిపోయింది.

ఇది తెలుగు చదువుకున్నవాళ్లకు కొత్త సంగతి కాదు. ఉత్ + చారణ = ఉచ్చారణ. సత్ + జనుడు = సజ్జనుడు. ఉత్ + లాసం = ఉల్లాసం. ముందున్న తకారం వెనక వచ్చే హల్లులో కలిసిపోయి ద్విత్వం అవుతోంది. లాటిన్‌లో ‘యాడ్’ కూడా అచ్చం ఇలాగే చేస్తుంది. సీ ముందు ఏసీ, ఎఫ్ ముందు ఏఎఫ్, ఎల్ ముందు ఏఎల్, పీ ముందు ఏపీ, టీ ముందు ఏటీ. అకౌంట్, అఫెక్ట్, అలకేట్, అప్లై, అటెండ్, అన్నీ ఈ సంధి మాటలే. అందుకే వీటన్నిటిలో రెండో అక్షరం జంటగా కనిపిస్తుంది.

ఎమ్‌ల జంట దీనికంటే తేలిక. అక్కడ ఏదీ మారలేదు. ‘కామ్’ చివర ఒక ఎమ్ ఉంది, ‘మోడ్’ మొదట ఒక ఎమ్ ఉంది, రెండూ ఉన్నచోటే ఉన్నాయి. సమ్ + మతి = సమ్మతి అయినట్టు. ఒక ఎమ్ తీసేశారంటే రెండు ముక్కల్లో ఒకదాని అంచు కోసేసినట్టే.

చెవికి మాత్రం ఈ జంటలు వినపడవు. మన భాషలో కల వేరు, కల్ల వేరు. వల వేరు, వల్ల వేరు. ఒత్తు పలికితీరాలి, పలికింది రాసితీరాలి. ఇంగ్లిష్‌లో ఇలాంటి మాట లోపల జంట హల్లును ఒక్క హల్లులాగే పలుకుతారు. ‘అకామడేషన్’ అని విని రాసే తెలుగువారు ఒక సీ, ఒక ఎమ్ దగ్గర ఆగిపోవడం సహజం, చెవి చెప్పింది అంతే కాబట్టి. ఈ మాటను వినికిడి మీద ఆధారపడి రాయకూడదు, విడగొట్టి రాయాలి: ఏసీ, కామ్, మోడ్, ఏషన్.


ప్రూఫ్_రీడర్:

మాస్టారు చెప్పినదానికి గుర్తుపెట్టుకునే దారి ఒకటి కలుపుతాను. అకామడేషన్ అంటే చోటివ్వడం. అందులో అక్క ఉంది, అమ్మ ఉంది. అక్కలో ‘క్క’ రెండు సీలు, అమ్మలో ‘మ్మ’ రెండు ఎమ్‌లు. ఇద్దరికీ చోటిస్తేనే అది అకామడేషన్. ముందు అక్క, తర్వాత అమ్మ. వరుస కూడా అదే. పిల్లలకు ఒకసారి చెబితే చాలు, మళ్లీ తప్పు రాయరు.

ఇంకొకటి మీ కరపత్రంలోనే ఉంది, వెస్టర్న్ కమోడ్. కమోడ్ స్పెల్లింగ్ సీ-ఓ-ఎమ్-ఎమ్-ఓ-డీ-ఈ. అదీ ఇదే లాటిన్ మాటలోంచి ఫ్రెంచ్ మీదుగా వచ్చింది, ‘వీలైనది’ అని అర్థం. కమోడ్‌లో చివరి ఈ తీసేసి, ముందు ఏసీ, వెనక ఏషన్ పెట్టండి, అకామడేషన్ వచ్చేస్తుంది. పేపర్లో వచ్చే కమోడిటీ మార్కెట్ అన్న మాటలోనూ ఆ ముక్కే ఉంది. ఈ మూడింటిలో దేనికీ ఒక్క ఎమ్ సరిపోదు.

ఒక జాగ్రత్త. 13 లెక్కపెట్టి సరిపోయిందని వదిలేయకండి. ఎమ్‌ల తర్వాత ఓ రావాల్సిన చోట ఏ పెట్టేవాళ్లు, ఐ పెట్టేవాళ్లు చాలామంది. అప్పుడూ 13 అక్షరాలే వస్తాయి. ఆ తప్పుకి కారణం ఉచ్చారణే. ఇంగ్లిష్‌లో ఊనిక (ఒత్తి పలకడం) ‘కా’ మీద, ‘డే’ మీద పడుతుంది. మధ్యలో ఉన్న ఓ నలిగిపోయి ‘అ’ లాంటి చిన్న ధ్వని అవుతుంది. మనం తెలుగులో ‘అకామిడేషన్’ అని కూడా రాస్తుంటాం, ఆ ‘మి’ని చూసి మళ్లీ ఇంగ్లిష్‌లోకి మార్చితే ఐ వచ్చి కూర్చుంటుంది. కాబట్టి 13తో పాటు ఓలు కూడా లెక్కపెట్టాలి. మూడు ఓలు ఉండాలి: సీల తర్వాత ఒకటి, ఎమ్‌ల తర్వాత ఒకటి, చివరి ఎన్ ముందు ఒకటి. రెండు సీలు, రెండు ఎమ్‌లు, రెండు ఏలు, మూడు ఓలు. ఈ లెక్క కుదిరిందంటే తప్పు పడేందుకు దాదాపు చోటు లేదు.

స్మాల్ లెటర్స్‌లో ఉంటే ఇంకో పద్ధతి ఉంది. చిన్న ఎమ్‌కి మూడు నిలువు కాళ్లు. రెండు ఎమ్‌లకి ఆరు. అక్షరాలు దగ్గరగా నొక్కిన ఫాంట్‌లో రెండు ఎమ్‌లు ఒకే కంచెలా కనిపిస్తాయి, ఒకటుందో రెండున్నాయో కన్ను చెప్పలేదు. స్క్రీన్‌ని 400 శాతానికి పెంచి కాళ్లు లెక్కపెట్టండి. పక్కపక్కన పడిన ఆర్, ఎన్ కూడా చిన్న సైజులో ఎమ్‌లాగే కనిపిస్తాయి. వెస్టర్న్, మోడర్న్ లాంటి మాటలు కూడా అందుకే ఒకసారి పెద్దది చేసి చూడాలి.


బోర్డ్_వర్క్_బెజవాడ:

హన్మకొండ అన్నా, ఎర్రగీత ఎందుకు రాలేదో ముందు చెప్తాను. వర్డ్‌లో క్యాపిటల్స్‌లో ఉన్న మాటలను స్పెల్ చెక్ పట్టించుకోకుండా వదిలేసే సెట్టింగ్ మొదటినుంచీ ఆన్‌లోనే ఉంటుంది. ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్‌లోకి వెళ్తే ‘ఇగ్నోర్ వర్డ్స్ ఇన్ అప్పర్‌కేస్’ అని ఉంటుంది. ఆ టిక్కు తీసేసి ఎఫ్7 నొక్కండి. లేదంటే మ్యాటర్ మొత్తం ముందు స్మాల్ లెటర్స్‌లో టైప్ చేసి, చెక్ అయ్యాక షిఫ్ట్ ఎఫ్3తో క్యాపిటల్స్‌లోకి మార్చుకోండి. బోర్డుల మ్యాటర్ ఎక్కువగా క్యాపిటల్స్‌లోనే ఉంటుంది కాబట్టి, బోర్డుల మీద తప్పులు పడడానికి ఈ ఒక్క టిక్కు చాలా పెద్ద కారణం.

రెండోది. ఎప్పుడైనా తప్పు మాట మీద రైట్ క్లిక్ చేసి ‘యాడ్ టు డిక్షనరీ’ కొట్టి ఉంటే ఆ కంప్యూటర్ ఇక ఆ తప్పును ఒప్పుగానే చూస్తుంది. షాపులో నలుగురు వాడే సిస్టమ్‌లో ఇది మామూలే. అదే ప్రూఫింగ్ పేజీలో కస్టమ్ డిక్షనరీస్, ఎడిట్ వర్డ్ లిస్ట్ తెరిచి చూడండి, అక్కడ ఉంటే డిలీట్ చేయండి. ఫోన్‌లో జీబోర్డ్ కూడా ఇలాగే తప్పును నేర్చుకుంటుంది. సజెషన్‌లో ఆ మాట కనిపించినప్పుడు దాన్ని నొక్కిపట్టి చెత్తబుట్ట గుర్తు మీదకు లాగితే పోతుంది.

కోరల్‌డ్రాలో టెక్స్ట్ మెనూ, రైటింగ్ టూల్స్ కింద స్పెల్ చెక్ ఉంది, కంట్రోల్ ఎఫ్12. ఫోటోషాప్‌లో ఎడిట్ మెనూలో చెక్ స్పెల్లింగ్. కానీ కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్‌లోకి మార్చాక అది అక్షరం కాదు, బొమ్మ. ఫోటోషాప్‌లో రాస్టరైజ్ చేసినా అంతే. తర్వాత ఏ స్పెల్ చెక్ పట్టుకోలేదు. అందుకే వరుస ఇలా ఉండాలి: టైప్, స్పెల్ చెక్, కస్టమర్ ఓకే, ఒక కాపీ టెక్స్ట్‌గానే సేవ్ చేసి పక్కన పెట్టడం, ఆ తర్వాతే కర్వ్స్.

కస్టమర్ ఓకే గురించి కూడా. వాట్సాప్‌లో డిజైన్ జేపీజీ పంపితే వాళ్లు చూసేది ఫోన్ నంబరు, రంగు, దేవుడి బొమ్మ. స్పెల్లింగ్ ఎవరూ చదవరు. డిజైన్‌తో పాటు ఇంగ్లిష్ మ్యాటర్‌ను విడిగా మామూలు మెసేజ్‌గా పంపి ‘ఇందులో ప్రతి మాటా చదివి ఓకే చెప్పండి’ అని రాయండి. వాళ్ల ఓకే ఆ మెసేజ్ కిందే ఉండాలి.

మీది ఏ రకం బోర్డు? ఫ్లెక్స్ అయితే తప్పు పడినా మళ్లీ ప్రింట్ వేయడమే, తప్పు మీద వినైల్ ముక్క అతికిస్తే ఎండకు అంచులు లేచి ఇంకా అసహ్యంగా కనపడుతుంది. ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) షీటు మీద యాక్రిలిక్ అక్షరాలయితే మాత్రం కటింగ్‌కి ఇచ్చేముందు పదిసార్లు చూడాలి. ఒక ఎమ్ తక్కువైతే ఆ ఒక్క అక్షరం చేయిస్తే సరిపోదు. దాని తర్వాత ఓ-డీ-ఏ-టీ-ఐ-ఓ-ఎన్, ఏడు అక్షరాలు కుడివైపు జరగాలి. సెంటర్ చేసిన లైనైతే పదమూడూ జరగాలి. పాత స్క్రూ రంధ్రాలు, ఎల్‌ఈడీ వైరు కోసం కొట్టిన రంధ్రాలు బయటపడతాయి. షీటే మార్చాల్సి వస్తుంది.


డీటీపీ_హన్మకొండ:

బోర్డు ఏసీపీనే అన్నా, యాక్రిలిక్ అక్షరాలు. కటింగ్‌కి ఇంకా ఇవ్వలేదు. టిక్కు తీసి చూశాను, ఇప్పుడు రెండింటి కిందా ఎర్రగీత వస్తోంది. అక్క, అమ్మ లెక్క బాగా ఎక్కింది.

మాస్టారూ, ఒక సందేహం. ‘కామ్’కి ముందు ఉపసర్గ వస్తే సీ జంట అవుతుందన్నారు కదా. మరి రికమెండ్‌లో కూడా రెండు సీలు, రెండు ఎమ్‌లేనా? అకంపనీ, అకంప్లిష్ సంగతేంటి? వీటిల్లో ఎమ్ రెండు పెట్టాలా?


ఇంగ్లిష్_టీచర్_ఏలూరు:

మంచి ప్రశ్న. విడగొడితే జవాబు దానంతట అదే వస్తుంది.

రికమెండ్: ‘రీ’ + ‘కామ్’ + ‘మెండ్’. ‘రీ’ అచ్చుతో ముగిసింది. సంధిలో మారడానికి అక్కడ హల్లే లేదు, కాబట్టి సీ ఒక్కటే. ‘కామ్’, ‘మెండ్’ కలిసిన చోట ఎమ్‌లు రెండు. ఒక సీ, రెండు ఎమ్‌లు.

అకంపనీ, అకంప్లిష్: ముందు ‘యాడ్’ ఉంది కాబట్టి రెండు సీలు. కానీ ‘కామ్’ తర్వాత వచ్చింది పీ. ఎమ్‌కి జత అక్కడ దొరకలేదు, కాబట్టి ఎమ్ ఒక్కటే. అక్యుములేట్‌లో రెండు సీలు, ఒక ఎమ్. అక్కడ ‘కామ్’ అనేదే లేదు, ‘కుప్ప’ అని అర్థమిచ్చే ‘క్యుములస్’ ఉంది, అందులో సొంత ఎమ్ ఒక్కటే. అంటే సీల జంట, ఎమ్‌ల జంట ఒకదానితో ఒకటి ముడిపడినవి కావు. వేటి కారణం వాటిదే. అకామడేషన్‌లో రెండు కారణాలూ కలిశాయి, అందుకే అందరినీ తికమక పెడుతుంది.

కమిటీ కూడా చెప్తాను, ఎందుకంటే గణేశ్ ఉత్సవ కమిటీల ఫ్లెక్సీలు ప్రతి సీజన్‌లో మీ దగ్గరకే వస్తాయి. సీ-ఓ-ఎమ్-ఎమ్-ఐ-టీ-టీ-ఈ-ఈ. ‘కామ్’, ‘మిట్’ కలిసి రెండు ఎమ్‌లు. ‘కమిట్’కి ‘ఈఈ’ చేరేటప్పుడు రెండో టీ. చివర రెండు ఈలు. మూడు జంటలు వరుసగా, మధ్యలో ఒక్క ఐ మాత్రం ఒంటరి.

అకర్ (‘జరుగు’ అని అర్థం, ఓతో మొదలవుతుంది) అనే మాటలో రెండు సీలు, ఒక ఆర్. భూతకాలం అకర్డ్‌లో మాత్రం రెండు ఆర్‌లు. ఈ రెండో జంటకు కారణం వేరు. మాట చివరి భాగం మీద ఊనిక ఉండి, ఒక్క అచ్చు, ఒక్క హల్లుతో ముగిస్తే ‘ఈడీ’, ‘ఐఎన్‌జీ’ చేర్చేటప్పుడు ఆ హల్లు రెట్టింపు అవుతుంది. రిఫర్డ్‌లో రెండు ఆర్‌లు అందుకే. టార్గెట్, బడ్జెట్ మాటల్లో ఊనిక ముందు భాగం మీద ఉంది కాబట్టి టార్గెటెడ్, బడ్జెటెడ్ రాసేటప్పుడు టీ ఒక్కటే ఉండాలి. మన దగ్గర ప్రెస్ నోట్లలో, రిపోర్టుల్లో రెండు టీలతో విపరీతంగా కనిపిస్తుంది, అది తప్పు.


కొత్తపేట_కుర్రాడు:

సార్, నెట్‌లో వెతికితే ఒక ఎమ్‌తో కూడా లక్షల పేజీలు వస్తున్నాయి. అమీర్‌పేట, ఎస్‌ఆర్ నగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్తే హాస్టల్ బోర్డుల మీద అన్ని రకాలూ ఉన్నాయి. అందరూ అలా రాస్తున్నప్పుడు అదీ ఒక స్పెల్లింగ్‌గా ఒప్పుకోవచ్చు కదా? గూగుల్‌లో తప్పు కొట్టినా రిజల్ట్ సరిగ్గానే వస్తోంది.


ప్రూఫ్_రీడర్:

తమ్ముడూ, కొన్ని మాటలకు నిజంగానే రెండు స్పెల్లింగులు ఉంటాయి. జడ్జ్‌మెంట్‌ని మధ్యలో ఈ ఉంచీ రాస్తారు, తీసేసీ రాస్తారు. ఎన్‌రోల్‌మెంట్‌లో బ్రిటిష్‌వారు ఒక ఎల్, అమెరికావారు రెండు ఎల్‌లు పెడతారు. వాటిని నిఘంటువులే చూపిస్తాయి. ఒక ఎమ్ అకామడేషన్‌ను ఏ ప్రామాణిక నిఘంటువూ అలా చూపించదు. ఇటాలియన్‌లో ఈ మాటకు రెండు సీలు, ఒకే ఎమ్ రాస్తారు, స్పానిష్‌లో రెండూ ఒక్కోటే. అది ఆ భాషల లెక్క. ఇంగ్లిష్, ఫ్రెంచ్ మాత్రం లాటిన్ జంటలు రెండింటినీ ఉంచుకున్నాయి.

గూగుల్ తప్పును సర్దుకుంటుంది, నిజమే. సర్దుకోనివి చాలా ఉన్నాయి. డొమైన్ పేరు, ఈమెయిల్ ఐడీ, ఫైల్ పేరు, ఇవి అక్షరం పొల్లుపోకూడదు. హాస్టల్ పేరులో ఈ మాట పెట్టి ఒక ఎమ్‌తో డొమైన్ కొంటే, సరైన స్పెల్లింగ్‌తో టైప్ చేసినవాళ్లు మీ సైట్‌కి రారు. ఎక్సెల్‌లో ఖర్చుల పట్టిక ఉందనుకోండి, ఒకరు ఒక ఎమ్‌తో, ఇంకొకరు రెండు ఎమ్‌లతో ఎంటర్ చేశారు. ఫిల్టర్ వేస్తే రెండు వేర్వేరు పద్దులు కనిపిస్తాయి. పివట్ టేబుల్‌లోనూ రెండు వరుసలు. మొత్తం తేడా వస్తుంది, కారణం వెంటనే కనపడదు. అలాంటప్పుడు ఫైండ్ అండ్ రీప్లేస్‌తో తప్పు రూపాలు ఒక్కొక్కటే వెతికి మార్చి, ఆ కాలమ్‌కి డేటా వ్యాలిడేషన్‌లో లిస్ట్ పెట్టేస్తే ఎవరూ చేత్తో టైప్ చేయనక్కర్లేదు.


డాలస్_తెలుగు:

ఒక తేడా స్పెల్లింగ్‌లో కాదు, వచనంలో ఉంది. ఇండియాలో, బ్రిటన్‌లో బస అన్న అర్థంలో చివర ఎస్ పెట్టరు, దాన్ని లెక్కపెట్టే వస్తువుగా చూడరు. అమెరికాలో హోటల్ బస అన్న అర్థంలో ఎస్ చేర్చి అకామడేషన్స్ అంటారు. హన్మకొండ బోర్డుకి ఎస్ అక్కర్లేదు. ‘యాన్ అకామడేషన్’ అని ముందు ఏఎన్ కూడా పెట్టకండి.

ఇక్కడ పిల్లల స్కూళ్లలో ఈ మాట ఇంకో అర్థంలో వస్తుంది. 1973 నాటి రీహాబిలిటేషన్ చట్టంలోని సెక్షన్ 504 కింద పిల్లలకు ఇచ్చే అకామడేషన్స్ అంటే గది కాదు. పరీక్షకు అదనపు సమయం, ముందు వరుసలో సీటు లాంటి సర్దుబాట్లు. స్కూలుకు మెయిల్ రాసే తల్లిదండ్రులు ఈ మాటే తప్పు రాసి పంపుతుంటారు. స్పెల్లింగ్ అవే రెండు సీలు, రెండు ఎమ్‌లు.


ఇంగ్లిష్_టీచర్_ఏలూరు:

మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోనూ ‘రీజనబుల్ అకామడేషన్’ అన్న మాట ఇదే అర్థంలో ఉంది. ఫిజిక్స్‌లో కంటి కటకం దగ్గరికీ దూరానికీ సర్దుకోవడం కూడా అకామడేషనే, కామర్స్‌లో అకామడేషన్ బిల్లు ఉంది. అర్థం ఏదైనా వేరు ‘కొలతకు సరిపెట్టడం’. సర్దుబాటు అన్న మన మాటకు చాలా దగ్గర. పోటీ పరీక్షల్లో తప్పు స్పెల్లింగ్ గుర్తించే ప్రశ్నలకు తయారయ్యేవాళ్లు దీని క్రియారూపం కూడా చూసుకోవాలి. అకామడేట్‌కి 11 అక్షరాలు, జంటలు అవే.


ప్రూఫ్_రీడర్:

హన్మకొండ గారూ, మీ మిగతా మాటలు.

సెపరేట్‌లో అందరూ తప్పేది మధ్యలో. ఎస్-ఈ-పీ-ఏ-ఆర్-ఏ-టీ-ఈ. పీ తర్వాత ఈ కాదు, ఏ. మధ్యలో పీ-ఏ-ఆర్-ఏ ఉంది, తెలుగులో చదివితే ‘పర’. పర అంటే వేరే, ఇతరం. సెపరేట్ అంటే వేరు. వేరైనదాని లోపల ‘పర’ ఉందని పెట్టుకుంటే సరిపోతుంది. అసలు వేరు ‘పరారే’ అనే లాటిన్ మాట, ప్రిపేర్‌లో ఉన్నదీ అదే.

మెయింటెనెన్స్‌లో మెయింటెయిన్ మొత్తం ఉండదు. ఎమ్-ఏ-ఐ-ఎన్, టీ-ఈ-ఎన్, ఏ-ఎన్-సీ-ఈ. క్రియ నామవాచకం అయ్యేటప్పుడు నడుమ ‘టెయిన్’ చిక్కి ‘టెన్’ అయింది. మనకు ‘నడుచు’ నడక అయినప్పుడు ‘చు’ ఉండదు కదా, అలా. ప్రొనౌన్స్ నుంచి ప్రొనన్సియేషన్ వచ్చినప్పుడు కూడా ఓ ఒకటి పోతుంది, ఎక్స్‌ప్లెయిన్ నుంచి ఎక్స్‌ప్లనేషన్ వచ్చినప్పుడు ఐ పోతుంది.

హైజీనిక్: హెచ్-వై-జీ-ఐ-ఈ-ఎన్-ఐ-సీ. జీ తర్వాత ఉన్న ఐని వదిలేస్తారు. హైజియా అనే గ్రీకు ఆరోగ్య దేవత పేరుతో ముడిపడిన మాట. ‘జియా’లో ఉన్న ‘యా’ను తలచుకుంటే జీ, ఐ, ఈ వరుస గుర్తుంటుంది.

అవైలబుల్‌లో అవైల్, ఏబుల్ కలిశాయి, అంతకంటే చిక్కేమీ లేదు. మూడు ఏలు, 9 అక్షరాలు. అటాచ్డ్‌లో రెండు టీలు ముందే వస్తాయి, అటెండ్‌లో లాగే. చివర సీ-హెచ్ ముందు మళ్లీ టీ రాదు. మ్యాచ్, క్యాచ్‌లను చూసి అక్కడ టీ పెట్టేస్తుంటారు.

ఉమెన్ అన్నది అప్పటికే బహువచనం. కాబట్టి ఉమెన్స్‌లో ఎన్ తర్వాత అపాస్ట్రఫీ, ఆ తర్వాత ఎస్. ఎస్ తర్వాత అపాస్ట్రఫీ పెడితే తప్పు. యాక్రిలిక్ అక్షరాల్లో ఈ చిన్న ముక్కను మర్చిపోతుంటారు, కటింగ్ ఫైల్‌లో ఉందో లేదో చూసుకోండి.


డీటీపీ_హన్మకొండ:

అందరికీ ధన్యవాదాలు. చివరి మ్యాటర్ ఇలా పెట్టాను. బోర్డు: వర్కింగ్ ఉమెన్స్ హాస్టల్, కింద లైన్లో అకామడేషన్ అవైలబుల్, ఆ కింద తెలుగులో ‘అకామిడేషన్ కలదు’. అకామడేషన్‌లో 13 అక్షరాలు, రెండు సీలు, రెండు ఎమ్‌లు, రెండు ఏలు, మూడు ఓలు లెక్కపెట్టుకున్నా. కరపత్రంలో సెపరేట్, మెయింటెనెన్స్, హైజీనిక్ మార్చాను. తెలుగు లైన్లో ‘మి’ రాయాలా, ‘మ’ రాయాలా?


ప్రూఫ్_రీడర్:

ఉచ్చారణకు దగ్గరగా ఉండేది ‘అకామడేషన్’. కానీ ఆ లైన్ తెలుగు చదివేవాళ్ల కోసమే కదా, ‘మహిళలకు వసతి, భోజనం కలదు’ అని పెట్టండి. వసతి మూడక్షరాలు, అదే వెడల్పులో రెట్టింపు సైజు వస్తుంది, రోడ్డు అవతలినుంచి కూడా కనిపిస్తుంది.


బోర్డ్_వర్క్_బెజవాడ:

ఇంకొకటి అన్నా. కటింగ్ ఫైల్ పంపేటప్పుడు అక్షరాల లెక్క కూడా రాసి పంపండి: అకామడేషన్ లైనుకి సీ 2, ఎమ్ 2, ఓ 3, ఏ 2, డీ, టీ, ఐ, ఎన్ ఒక్కోటి. అక్షరాలు మూటలో వచ్చాక బోర్డు మీద బిగించకముందే నేల మీద పరిచి ఆ చీటీతో సరిచూసుకోండి. తక్కువైన ఎమ్ ఉంటే అక్కడే తెలిసిపోతుంది.